రెండో నోరు

బేస్తవారం సాయంత్రం నాలుగు గంటలకు వెంకటాద్రి తల్లి దగ్గర కూర్చుంటాడని ఆ వీధిలో అందరికీ తెలుసు. పుదుచ్చేరిలో ఫ్రెంచి బడులకు బేస్తవారం సెలవు. తక్కిన రోజులు బడిలో పాఠాలు చెప్పే వెంకటాద్రి, ఆ రోజు పొద్దున్నుంచి తన గదిలో తలుపేసుకుని పని చేసుకునేవాడు. సరిగ్గా నాలుగు కొట్టేసరికి కాగితపు చీటీల పెట్టె, సిరాబుడ్డి, కలం పట్టుకుని వెనక వసారాలోకి వచ్చేవాడు. ఐదు కొడితే లేచిపోయేవాడు.

తల్లి కనగం ఆ గంట కోసం మూడింటినుంచే తయారయ్యేది. తల దువ్వి ముడి వేసుకునేది. ఉతికిన కోక కట్టుకునేది. వసారా ఊడ్చి, రెండు చాపలు పరిచి, కొడుకు చాప మీద మళ్ళీ ఒకసారి చేత్తో దులిపేది. పక్క గదిలోంచి నాలుగడుగులు వేసి వచ్చే కొడుకు కోసం ఇంత హంగామా ఏమిటని చూసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

పెద్ద కొడుకు నాగరాజన్ అయితే బయటికే అనేవాడు. అతనికి బజారులో బట్టల కొట్టు, పక్క వీధిలో వేరు కాపురం. "తిరప్తి యెంకన్న అయినా తోసుకోని పోతే ఏ పొద్దయినా అగుపిస్తాడు. మా ఇంటి యెంకన్నకి బేస్తవారం నాలుక్కే దర్శనం" అని తమ్ముడి ఎదుటే ఎకసెక్కం చేసేవాడు. తమ్ముడు నవ్వేసి ఊరుకునేవాడు.

వెంకటాద్రి చెడ్డవాడు కాదు. ఈ కథ వినేవాళ్ళు మొదట్లోనే అలా అనుకుంటే అతనికి అన్యాయం చేసినట్టే. ఇరవై ఏళ్ళ వయసునుంచి పదేళ్ళ పాటు అన్న కొట్లో కూర్చుని, గిరాకీ లేనప్పుడు గజంబద్ద కింద పుస్తకం దాచుకుని చదివినవాడు. వచ్చినవాళ్ళకల్లా చీర మడత విప్పి చూపిస్తూ, పిలిచిన పెళ్ళికల్లా పోయి విస్తరి ముందు కూర్చుంటూ, అడిగిన ప్రతి పనికీ తలూపుతూ ఉంటే ముప్పై నిండాయి. వెనక్కి తిరిగి చూసుకుంటే చేసిన పని ఒక్కటీ కనబడలేదు. ఆ రోజు తన గది గోడకు ఒక కాగితం అంటించాడు. అందులో వారంలోని ప్రతి గంటా ఏ పనికో రాసి ఉంది. ఏ గంటలో ఏ పని పెట్టుకుంటే ఆ గంటకు అదే లోకం. తక్కినదానికి రాలేనని చెప్పడం నేర్చుకున్నాడు. కొట్టు వదిలి బడిలో పంతులుగా చేరాడు. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. తమిళుల ఆడి నెలలో ఊరు ఊరంతా వీరాంపట్టినం అమ్మవారి తేరుకు బండ్లు కట్టుకుని పోతుంటే అతను మాత్రం కాలవ మీది వంతెన దాటి, తెల్లపట్నంలో తనను చేరదీసిన ఒక ఫ్రెంచి దొర ఇంటి పుస్తకాల గదికి పోయేవాడు.

అలాగని ఇంటివాళ్ళను కాగితంలో రాయకుండా వదల్లేదు. పొద్దున అన్నం తిన్నాక పావుగంట కూతురిది. ఆ పావుగంటా బిడ్డ మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు. ఆదివారం సాయంత్రం అరగంట భార్య హేమావతిది. ఆ అరగంట సముద్రపు ఒడ్డున నడుస్తూ ఆమె ఏం చెప్పినా వినేవాడు, మధ్యలో ఒక్కసారి కూడా ఊఁ అని దాటేసేవాడు కాదు. ఊళ్ళో ఏ మగవాడు పెళ్ళాం మాట అరగంట సేపు విన్నాడు గనక? ఈ సంగతి హేమావతి తనకు తానే చాలాసార్లు చెప్పుకునేది.

హేమావతికి ఇరవై ఏళ్ళు. ఊరి అంచున నెల్లితోపు పేట పిల్ల. తండ్రి దగ్గర తెలుగు అక్షరాలు, ఆడపిల్లల బడిలో మూడేళ్ళు నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చుకునేసరికి పదకొండో ఏట పెళ్ళి చేసి బడి మాన్పించారు. ఇప్పుడు చంకన బిడ్డ. ముద్దుకు చిన్నపొన్ను అని పిలుచుకునేవాళ్ళు. ఆ బిడ్డ తుమ్మితే తల్లికి గుండె జారేది, నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. ఇంట్లో ఏది ఎక్కడ తెగుతుందో అని ఎప్పుడూ దడే.

వెంకటాద్రి చేసే పని మాటలు ఏరడం. మూడు నాలుగు తరాల కిందట పుదుచ్చేరికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదవడం రాయడం చాలామందికి రాదు. ముసలివాళ్ళతోబాటు వాళ్ళ నోటిలోని మాటలూ పోతున్నాయి. ఈ సంగతి అతనికి ఒకరోజు అన్నం తింటుండగా తట్టింది. కనగం కోడలితో, అంబటిపొద్దుకే తలకు నీళ్ళు పోసుకోమని చెబుతోంది. అంబలి తాగే వేళ అని ఆ మాటకు అర్థం. తన ఈడువాళ్ళెవరూ అనగా వినలేదతను. ఎంగిలి చేయి ఎండిపోయేదాకా అలాగే కూర్చుని, లేచి పోయి మొదటి చీటీ రాశాడు.

అక్కడినుంచి నాలుగేళ్ళు. పుస్తకం పూర్తయితే దొర దాన్ని ఓడ మీద పారిసుకు పంపి అచ్చు వేయిస్తానన్నాడు. అచ్చయితే కాలేజీలో ఉద్యోగం ఖాయమని కూడా అన్నాడు.

ఈ పనిలో వెంకటాద్రికి ఒక కట్టుబాటు ఉండేది. ఒక్క నోట విన్న మాటను పుస్తకంలోకి ఎక్కించడు. రెండో ఇంటివాళ్ళు ఎవరైనా, అవును మేమూ అంటాం అని ఒప్పుకోవాలి. తల్లి చెప్పిన మాటలకు రెండో నోరు హేమావతి. ఆమెది వేరే పేట, వేరే పుట్టిల్లు గనక సాక్ష్యం చెల్లుతుందన్నాడు. ఆమె ఔనన్న ప్రతి చీటీ మూలనా 'హే' అని తన చేత్తోనే రాయమనేవాడు. హేమావతి తల వంచుకుని రాసేది గానీ, రాసిన ప్రతిసారీ ఒంట్లో ఏదో పొంగేది. ఆమె నోటి మాట ఇంత ముఖ్యమని అంతకు ముందు ఎవరూ అనలేదు. ఔనంటే ఔను, కాదంటే కాదు. తెలియదన్న మాటను అతను మారు మాట్లాడకుండా పక్కన పెట్టేవాడు.

ఆడి పోయి ఆవణి నెల వచ్చాక ఒక బుధవారం, హేమావతి బావి దగ్గర బట్టలు పిండుకుని వస్తుంటే వసారాలో అత్త గొంతు వినిపించింది. కనగం కాళ్ళు చాపుకుని, పది నెలల బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నూనె రాస్తోంది. రాస్తూ రాస్తూ బిడ్డతో ఏదో సంప్రదిస్తోంది.

"ఒరుగుడి. ఊహూఁ. ఒరగటి. అదీ బాగలేదు. ఒరిగిలి." బిడ్డ కిలకిలమంది. "ఒరిగిలే బాగుండాదా? సరే, నీ ఇష్టం."

ముసలమ్మ మనవరాలితో ముచ్చట అనుకుని హేమావతి బట్టలు ఆరేసుకుంది. మర్నాడు నాలుగు గంటలకు అదే మాట అత్త నోట మళ్ళీ విన్నది. కూచున్నవాళ్ళు లేచిపోయినాక చాప మీద మిగిలే పల్లాన్ని తన చిన్నప్పుడు ఒరిగిలి అనేవారని కనగం చెబుతోంది. వెంకటాద్రి కళ్ళు మెరిశాయి. రాసుకుని భార్యను పిలిచాడు.

"హేమా, మీ నెల్లితోపులో ఈ మాట ఉందా?"

కనగం కోడలి వంక చూసింది. అడుక్కునేవాళ్ళు కూడా అలా చూడరు. హేమావతి చంకలోని బిడ్డను ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చుకుంది.

"ఉండాది. మా అమ్మ అంటా ఉంటుంది" అన్నది, వచ్చి చీటీ మూలన 'హే' అని రాసింది.

ఐదు కొట్టి కొడుకు లోపలికి పోయాక కనగం కోడలి చేయి పట్టుకుంది.

"ఏం జెయ్యమంటావమ్మీ. నాకు తెలిసినయ్యన్నీ ఆడి నెలకే అయిపోయినాయి. కొత్త మాటల్లేకుంటే ఇంక వారం వారం ఎందుకులేమ్మా, ఆ గంట రాసుకునేదానికి పెట్టుకుంటా అన్నాడు వాడు. నేనేం సదువుకున్నదాన్నా, సంపాయించేదాన్నా? వాణ్ణి వారానికోతూరి దగ్గిరగా సూసుకోను నా కాడ ఇంకేముండాది?"

హేమావతి అత్త చేతిలోంచి చేయి తీసుకోలేదు. ఒక్క మాటే గదా, పోనీలే అనుకుంది. ఒక్కటి రెండయింది, రెండు పది. వారానికొకటి, ఒక్కోసారి రెండు. బుధవారం నాడు బిడ్డకు నూనె రాస్తూ అత్త మాట కట్టేది, బేస్తవారం కొడుక్కి చెప్పేది, కోడలు సాక్ష్యం పలికేది. చలిమూత అని ఒకటి చెప్పింది, వస్తానని రానివాళ్ళ కోసం మూత పెట్టి ఉంచిన అన్నం. వాకిలిముల్లు అని ఒకటి, అడుగుల చప్పుడు మన గుమ్మం దాకా వచ్చి ఆగకుండా పోయినప్పుడు గుండెలో గుచ్చుకునేది. తడవిరి అని ఇంకొకటి, ఒక రోజు కోసం తక్కిన రోజులను తోసెయ్యడం.

వెంకటాద్రి వాటిని చూసి మురిసిపోయేవాడు. ఫ్రెంచిలో వీటికి మాటే లేదని ఆదివారం ఒడ్డున నడుస్తూ చెప్పేవాడు. దొరకు చదివి వినిపిస్తే కుర్చీలోంచి లేచి చేయి కలిపాడట. పుస్తకంలో వాటినే ముందు వేద్దామన్నాడట. ఎంత పండితుడో అంత పసివాడు. వినడంలో అతన్ని మించినవాడు లేడు, ఒక్క అక్షరం జారనివ్వడు. కానీ ఆ మాటలన్నీ ఒకే చోటు చూపిస్తున్నాయని, ఆ చోట కూర్చున్నది తానేనని అతనికి తట్టలేదు.

ఎండలు ముదిరే పంగుని నెల చివర ఒక బేస్తవారం, చీటీల పెట్టె మూత వేస్తూ వెంకటాద్రి ఏరడం అయిపోయిందని చెప్పాడు. నెల దాటాక వైకాసిలో పోయే ఓడకు పుస్తకం అందాలి. ఇకనుంచి ఈ గంట కూడా సాపు రాతకే. తల్లికి చాలా శ్రమ ఇచ్చానని, నీ వల్లనే ఇంత పని అయిందని దణ్ణం పెట్టాడు. కనగం నవ్వి, నాదేముంది నాయనా అన్నది.

మరుసటి బేస్తవారం మూడింటికి ఆమె తల దువ్వుకుంది. వసారా ఊడ్చింది. రెండు చాపలూ పరిచింది. నాలుగు కొట్టింది, ఐదు కొట్టింది. గది తలుపు తెరుచుకోలేదు. దీపాలు పెట్టే వేళకు లేచి చాపలు చుట్టి గోడకు ఆనించింది. ఆ పై వారమూ అంతే. కోడలు వచ్చి పక్కన కూర్చోబోతే, బిడ్డకు పాలు కాచే వేళయింది పొమ్మంది. మూడో వారం ఆ ముసలమ్మ వీపు వెనకనుంచి చూస్తూ హేమావతి వంటింటి గడప మీద నిలబడిపోయింది.

ఆమెకు రెండు వైపులా దడ. అబద్ధాలు అచ్చులోకెక్కి, ఎవరో పట్టుకుని, ఇంతటి మనిషి పరువు బజారున పడితే? నాలుగేళ్ళు కళ్ళు పోగొట్టుకుని చేసిన పని తన సంతకాల వల్లనే మట్టిపాలైతే? ఇటు చూస్తే అత్త. నిజం తెలిస్తే ఆయన అత్త కోసమే అత్త దగ్గరికి పోడా? తల్లి తన కోసం మాటలు కల్పించుకునేంత ఎదురుచూసిందని తెలిసి కూడా తలుపు వేసుకుని కూర్చునే మనిషా? కాదు. ఆమెకు నమ్మకం ఉంది. అందుకే చెప్పాలని నిశ్చయించుకుంది. నాలుగు రోజులు మనసులో మాటలు పేర్చుకుంది. మొదట అబద్ధం సంగతి, ఆ వెంటనే దాని కారణం.

ఆదివారం ఒడ్డున జనం పలచగా ఉన్నారు. బిడ్డ తండ్రి భుజం మీద ఉంది. అత్త చెప్పిన మాటల్లో కొన్ని కల్పించినవని హేమావతి చెప్పింది.

అతను ఆగిపోయాడు. "ఎన్ని?"

"నలభై ఒకటి."

"వాటిల్లో నువ్వు విన్నానన్నవి?"

"అన్నిటికీ నేనే ఔనన్నా."

వెంకటాద్రి బిడ్డను భుజం మీదినుంచి చేతుల్లోకి దించుకున్నాడు. అతను కోప్పడి ఉంటే ఆమెకు తక్కిన మాట నోట వచ్చేదేమో. అతని మొహం పాలిపోయింది, పసిపిల్లవాడి మొహంలా అయింది. "నేనడిగింది నిజం ఒక్కటే గదా హేమా" అన్నాడు.

అత్త అడిగింది మిమ్మల్ని ఒక్కరినే అని చెప్పడానికి ఆమె నాలుగు రోజులుగా మాటలు కూర్చుకుంది. అతను బిడ్డను ఆమె చేతికిచ్చి వెనుదిరిగాడు. అరగంట నిండకుండా ఇంటికి తిరగడం అదే మొదలు. చెప్పవలసినదాంట్లో సగం చెప్పి, అసలు సగం మింగేసి, హేమావతి అతని వెనకాల నడిచింది.

ఆ వచ్చిన బేస్తవారం నాలుగు కొట్టగానే గది తలుపు తెరుచుకుంది. చీటీల పెట్టెతో కొడుకు రావడం చూసి కనగం మొహం చాటంత అయింది. లేవబోయి మళ్ళీ కూర్చుని, చాప దులిపి, "రా నాయనా, రా" అన్నది.

అతను కూర్చుని ఒక చీటీ తీశాడు. "అమ్మా, ఒరిగిలి. ఇది నీకెవురు చెప్పినారు?"

కనగం కొడుకు మొహం చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉన్నా హేమావతి ఓర్చుకునేది. ఏమీ లేదు. ఔనా, చెప్పేసినావా అన్నట్టు ఒకసారి రెప్ప వాల్చింది, అంతే.

అతను కేక వెయ్యలేదు. బడిలో పిల్లల్ని అడిగినట్టు, నెమ్మదిగా, ఒక్కొక్క చీటీ తీసి చదువుతూ, ఇది నిజమా, ఇది కల్పనా అని అడిగాడు. మొదట్లో ఆమె తల అడ్డంగా, నిలువుగా ఊపుతూ వచ్చింది. పదిహేను ఇరవై చీటీలు అయ్యేసరికి అడ్డంగా ఊపబోయి నిలువుగా, నిలువుగా ఊపబోయి అడ్డంగా ఊపసాగింది. చెత్తను కసువు అనడం నిజమా? బయల్దేరడాన్ని ఎలబారడం అనడం నిజమా? నిజమైన మాటలకు కూడా ఆమె తడబడింది. చివరికి అతను మొదటి చీటీ తీశాడు.

"అంబటిపొద్దు. ఇదైనా నిజమేనా?"

"ఏమో నాయనా" అన్నది కనగం. "నాకేం దెలుసు. ముసిల్దాన్ని, ఏందో ఒకటి అంటా ఉంటా. నన్నడగబాక."

ఐదు కొట్టింది. అతను పెట్టె మూసి లోపలికి పోయాడు.

ఎక్కడిదాకా నిజమో తెలియనప్పుడు మొత్తం తీసెయ్యడమే ధర్మం అనుకున్నాడు వెంకటాద్రి. తల్లి నోరు, భార్య నోరు తప్ప వేరే సాక్ష్యం లేని మాటలన్నీ ఎర్ర సిరాతో కొట్టేశాడు. మూడువందల పైచిలుకు. వాటిలో చాలా మటుకు నిజమైనవేనని అతనికీ తెలుసు. తెలుసన్నది చాలదు, రుజువు కావాలన్నాడు. హేమావతి ఆ చీటీలను కట్ట కట్టి అటక మీద పెట్టింది. ప్రతిదాని మూలనా ఆమె రాసిన అక్షరం, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పల్చబడిన పుస్తకం వైకాసి ఓడ మీద వెళ్ళిపోయింది.

వెంకటాద్రి తల్లిని ఆ చీటీలు అడిగిన మర్నాడు పొద్దునే, ఆకుకూరల గంప దించుకుని పూంగావనం వాకిట్లోకి వచ్చింది. నెల్లితోపునుంచి రోజూ వచ్చే తమిళావిడ. కనగం ఆమెతో ఎప్పటిలాగే తమిళంలో బేరమాడింది. ఆమె పోయాక, అవే పలుకులు కొనసాగిస్తున్నట్టు, కోడలితో కూడా తమిళంలోనే మాట్లాడింది. ఆకు వలిచి పెట్టు, చారు నేను పెడతానన్నది. హేమావతి పరాకు అనుకుని నవ్వింది. మధ్యాహ్నమూ తమిళమే. మర్నాడూ అంతే. మూడో రోజు హేమావతి అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, ఎందుకత్తా ఇట్ట చేస్తా ఉండావు, నా మీద కోపమా అని అడిగింది.

కోపం కాదని కనగం తమిళంలోనే జవాబిచ్చింది. ఈ మాటలైతే ఎవరూ చీటీల మీద రాసుకోరు, నీకెవరు చెప్పారని ఎవరూ అడగరు. తప్పు మాట్లాడినా కొంప మునగదు. నోరు తెరిస్తే కొడుకు పని ఎక్కడ చెడిపోతుందో అన్న భయం లేకుండా ఉందన్నది. అని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నూనె గిన్నె అందుకుంది. అంతకు ముందు నూనె రాస్తూ ఎన్ని కబుర్లు చెప్పేదో. ఇప్పుడు రెండు మాటలు అరవంలో, తక్కినదంతా చేతుల కదలిక.

ఇంట్లో ఇంత జరుగుతున్నా వెంకటాద్రికి తెలియలేదు. బేస్తవారం గంట కాగితంలోంచి పోయింది. తల్లి వడ్డిస్తే తినేవాడు, ఆమె మారు అడిగేది చేతి సైగతోనే. హేమావతి చెబుదామని రెండు మూడుసార్లు గది దాకా పోయి వెనక్కి వచ్చింది. ఒకసారి నోరు తెరిచి ఇంత చేశాను, ఇంకొకసారి తెరిస్తే ఏమవుతుందో అని ఆమెకు వణుకు. ఆదివారం నడకలో బిడ్డ దగ్గు సంగతి, బియ్యం సంగతి మాట్లాడేది. అతను శ్రద్ధగా వినేవాడు. ఇంతకు ముందులాగే.

ఓడ పోయిన నాలుగు నెలలకు, పురట్టాసిలో, పారిసునుంచి దొరకు ఉత్తరం వచ్చింది. పని శుభ్రంగా ఉందని, మాట మాటకూ సాక్ష్యం చూపడం మెచ్చదగిందని రాశారట. వెంకటాద్రికి కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. తమ్ముణ్ణి చూసి పోదామని నాగరాజన్ పళ్ళు, పూలు తీసుకుని వచ్చాడు. కాసేపు కొత్త ఉద్యోగాన్ని పొగిడి, వసారాలోకి పోయి తల్లి దగ్గర కూర్చుని వచ్చాడు. వచ్చాక అతని మొహంలో ఎకసెక్కం లేదు.

"ఒరే యెంకటాద్రీ, అమ్మ తెలుగు మాట్లాడి అయిదు నెలలయిందంట. నీకు దెలుసునా?"

వెంకటాద్రి భార్య వంక చూశాడు. హేమావతి తల ఊపింది.

"నేను ఇప్పుడే కనిపెట్టినా" అన్నాడు నాగరాజన్. "నాతో అరవం మాట్లాడితే, నాకు కొట్లో అదే అలవాటు గదా అని ఊరుకున్నా. నువ్వు ఈ ఇంట్లోనే ఉండావే. తెలుగు మాటలు ఏరేవాడివే నువ్వు."

అన్న పోయాక హేమావతి ఆగలేదు. ఒడ్డున మింగేసిన సగాన్ని అప్పుడు చెప్పింది. ఆడి నెలలో మాటలు అయిపోయినప్పుడు అత్త ఏమన్నదో, బుధవారం బుధవారం బిడ్డను కాళ్ళ మీద వేసుకుని ఎలా కట్టేదో, పంగుని తర్వాత మూడు వారాలు చాపలు పరిచి ఎలా కూర్చుందో, అన్నీ. చెబుతూ ఏడ్చింది. వెంకటాద్రి ఏడవలేదు. గోడ మీది కాగితం ముందు నిలబడి, వారం పొడుగునా రాసుకున్న గంటలను పైనుంచి కిందికి చదువుకున్నాడు, వేరెవరి చేతిరాతో చదువుతున్నట్టు.

బేస్తవారం నాలుగింటికి అతను వసారాలోకి వెళ్ళాడు. చేతిలో పెట్టె లేదు, కలం లేదు. కనగం వత్తులు చేసుకుంటోంది. కొడుకును చూసి లేచి నిలబడింది. తల్లి కొడుకును చూసి లేవడమేమిటి? లేచి, కొంగు భుజం మీదికి లాక్కుని, చాప చూపించింది.

"వాంగ. ఉక్కారుంగ" అన్నది.

రండి, కూర్చోండి. పుట్టినప్పటినుంచి అతన్ని రారా, పోరా అని తప్ప పిలవని మనిషి. వంటింట్లో హేమావతి చేతిలోని గరిట అక్కడే ఆగిపోయింది.

వెంకటాద్రి కూర్చున్నాడు. "అమ్మా, ఈ పొద్దు నా కాడ కాగితం లేదు" అన్నాడు. "ఊరికినే వచ్చినా."

మంచిదన్నది కనగం తమిళంలో. కొత్త ఉద్యోగం ఎలా ఉందని, ఎండలో నడిచి పోతున్నారా, బండి ఉందా అని మర్యాదగా అడిగింది. అతను తెలుగులో చెబుతున్నాడు, ఆమె తమిళంలో ఊఁ కొడుతోంది. చిన్నప్పుడు తాను జ్వరపడిన సంగతి, బడినుంచి పారిపోయి వచ్చి ఆమె కొంగు వెనక దాక్కున్న సంగతి, ఒకటొకటే తవ్వి తీశాడు. ఆమె నవ్వవలసిన చోట నవ్వింది, ఆ పైన ఒక్క మాట కలపలేదు. ఐదు కొట్టింది. అతను కదలలేదు. కాస్సేపు చూసి, మెత్తగా, వచ్చినవాళ్ళను నొప్పించకుండా సాగనంపేటట్టు, ఐదయింది, మీకు పని ఉంటుంది గదా అని తమిళంలో గుర్తు చేసింది.

లేదమ్మా అన్నాడు. ఆరు దాకా కూర్చున్నాడు. ఆమె వత్తులు చేస్తూనే ఉంది. మరుసటి వారమూ వచ్చాడు, ఆ పై వారమూ. ప్రతిసారీ ఆమె లేచి నిలబడి రండి అన్నది.

అలాంటి ఒక బేస్తవారం, నాన్నమ్మ పక్కనుంచి లేచి చిన్నపొన్ను తప్పటడుగులతో వంటింట్లోకి వచ్చింది. రెండేళ్ళు నిండలేదు, అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. తల్లి కోక పట్టుకుని లాగి, నోరు చూపించి, "తణ్ణి" అన్నది, నాన్నమ్మలాగే అరవంలో.

నీళ్ళు అనాలమ్మీ అని చెప్పబోయి హేమావతి నోరు తెరిచింది. వసారాలో మొగుడి గొంతు ఒక్కటే వినబడుతోంది. నోరు మూసుకుని, కుండలోనుంచి చెంబుతో నీళ్ళు ముంచి, బిడ్డ తాగినంతసేపు చెంబు కింద చేయి పట్టుకుని కూర్చుంది.